ఈ వాక్యం వాదనలో ఏం పని చేస్తోంది? ప్రకటన పాత్రను పట్టుకునే పద్ధతి, అంచెలంచెలుగా

అనంతపురంలో సాయంత్రం పూట రీజనింగ్ చెబుతుంటాను. క్లాట్ (లా కోర్సు ప్రవేశ పరీక్ష) రాసే ఇంటర్ పిల్లలు వస్తారు, జీమ్యాట్‌కు (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) చదివే ఉద్యోగులు వస్తారు, ఎల్‌శాట్ రాసి బయటి దేశంలో లా చదవాలనుకునేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. కర్నూలు, కడప నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉన్నారు. అందరిదీ ఒకే ఇబ్బంది. "సార్, వాదన అర్థమవుతోంది. కానీ ఈ వాక్యం వాదనలో ఏ పాత్ర పోషిస్తోంది అని అడిగితే రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుపోతున్నాం."

మొదట్లో నేను కూడా కీవర్డ్స్ జాబితా ఇచ్చి బట్టీ పట్టించేవాణ్ణి. అది సరిపోదని పిల్లల జవాబులు చూశాకే అర్థమైంది. ఇప్పుడు చెప్పే పద్ధతి వేరు. దాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

ఒక మాట ముందే. ఉదాహరణల్లోని వాదనలు నేను అల్లినవి. వాటిలో చెప్పింది నిజమా కాదా అని చూడొద్దు. ఎందుకు చూడకూడదో కిందే తెలుస్తుంది.

## 1. ప్రశ్న ఏం అడుగుతోంది, ఏం అడగట్లేదు

"ఫలానా ప్రకటన ఈ వాదనలో కింది వాటిలో ఏ పాత్ర పోషిస్తోంది?" ప్రశ్న ఇలాగే ఉంటుంది. జీమ్యాట్‌లో రెండు ముక్కలను బోల్డ్‌లో పెట్టి రెండింటి పాత్రలూ కలిపి అడుగుతారు.

ఇందులో అడిగేది సంబంధం మాత్రమే. ఆ వాక్యానికీ తీర్మానానికీ మధ్య ఉన్న చుట్టరికం ఏమిటి అని. ఆ వాక్యం నిజమా, వాదన గట్టిదా, రచయితతో మీరు ఏకీభవిస్తారా అన్నవి ఈ ప్రశ్నకు అవసరం లేదు. పిచ్చి వాదనలో కూడా ఆధారం ఆధారమే, తీర్మానం తీర్మానమే.

పరీక్షల లెక్క క్లుప్తంగా:

- జీమ్యాట్ వెర్బల్: 23 ప్రశ్నలు, 45 నిమిషాలు. ఒక్కోదానికి రెండు నిమిషాల లోపే.
- ఎల్‌శాట్: 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ తీసేశారు. మార్కులు లెక్కేసే లాజికల్ రీజనింగ్ సెక్షన్లు ఇప్పుడు రెండు, ఒక్కోటి 35 నిమిషాలు. ప్రశ్నకు నిమిషంన్నర కూడా దొరకదు.
- క్లాట్ యూజీ: 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పుకు పావు మార్కు పోతుంది. పేరా చదివే సమయం కూడా అందులోనే.
- సివిల్స్ సీశాట్: 80 ప్రశ్నలు, 2 గంటలు. పాత్ర గురించి నేరుగా అడగడం తక్కువ. ఊహన (పైకి చెప్పకుండా వాదన నమ్ముకున్న మాట, ఇంగ్లీషులో అసంప్షన్), తీర్మానం అడుగుతారు. కానీ చేయాల్సిన పని ఇదే.

## 2. మొదలుపెట్టే ముందు

- మీరు రాసే పరీక్ష పాత పేపర్ల నుంచి ఈ రకం ప్రశ్నలు కనీసం 20 ఏరి పెట్టుకోండి. కలగాపులగంగా చేస్తే ఈ ఒక్క నైపుణ్యం గట్టిపడదు.
- ఒక నోటుబుక్కులో పేజీకి నాలుగు గడులు గీయండి: తీర్మానం, అడిగిన వాక్యం, నా మాటల్లో దాని పాత్ర, ఎంచుకున్న ఆప్షన్.
- మొదటి వారం టైమర్ ముట్టుకోవద్దు. ఇది చాలామందికి నచ్చదు. అయినా చెబుతున్నాను, తొందరలో నేర్చుకున్న పద్ధతి పరీక్ష హాల్లో చెదిరిపోతుంది.

## 3. పాత్రల పేర్లు

పేర్లు తెలియకపోతే ఆప్షన్లు చదివినా అర్థం కాదు. తెలుగులో వీటికి మంచి మాటలున్నాయి.

1. తీర్మానం: రచయిత మనల్ని ఒప్పించాలనుకునే చివరి మాట. ఇంగ్లీషు పేపర్లో మెయిన్ కన్‌క్లూజన్.
2. ఆధారం: తీర్మానాన్ని నిలబెట్టేది. ప్రెమిస్ అన్నా, సపోర్ట్ అన్నా, ఎవిడెన్స్ అన్నా ఇదే.
3. ఉపతీర్మానం: కింద ఒక ఆధారం మీద నిలబడి, పైనున్న తీర్మానాన్ని తాను మోసేది. ఇంటర్మీడియట్ కన్‌క్లూజన్, సబ్సిడియరీ కన్‌క్లూజన్ అని రాస్తారు.
4. పూర్వపక్షం: రచయిత కాదనడానికి ముందుగా చెప్పే ఎదుటివాళ్ల మాట. మన తర్కశాస్త్రంలో పాత పేరు ఇది. ఇంతకంటే చక్కటి మాట నాకు దొరకలేదు.
5. ఒప్పుకోలు: తన తీర్మానానికి ఇబ్బందిగా ఉన్నా రచయిత "నిజమే" అని అంగీకరించే మాట.
6. నేపథ్యం: విషయం పరిచయం. దేన్నీ మోయదు.
7. వివరించాల్సిన విషయం: "ఇలా జరుగుతోంది, ఎందుకు?" అన్నప్పుడు ఆ జరుగుతున్నది. ఫినామినన్ అని రాస్తారు.
8. ఉదాహరణ, పోలిక, సూత్రం: ఈ మూడూ చాలాసార్లు ఆధారానికి వేర్వేరు రూపాలే.

## 4. ఒకే వాక్యం, నాలుగు పాత్రలు

ఈ భాగం తొందరగా దాటొద్దు. మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

వాక్యం: "చీనీ తోటల్లో బోర్లు ఎండిపోతున్నాయి." (చీనీ అంటే బత్తాయి.)

మొదటి వాదన. చీనీ తోటల్లో బోర్లు ఎండిపోతున్నాయి. నీళ్లు లేకుంటే తోట నిలవదు. కాబట్టి కొత్తగా చీనీ పెట్టే రైతు ముందు నీటి సంగతి చూసుకోవాలి.

ఇక్కడ మన వాక్యం ఆధారం.

రెండో వాదన. చీనీ తోటల్లో బోర్లు ఎండిపోతున్నాయి. ఎందుకంటే రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలించుకుంటున్నారు. బోరులో నీళ్లుంటే డబ్బిచ్చి ట్యాంకర్ ఎవరు తెప్పించుకుంటారు?

అదే వాక్యం, అక్షరం మారలేదు. కానీ ఇక్కడది తీర్మానం. ట్యాంకర్లను చూపించి బోర్ల సంగతి నమ్మిస్తున్నారు. ఇక్కడ ఒక చిన్న సూక్ష్మం ఉంది. ట్యాంకర్లు రావడం వల్ల బోర్లు ఎండలేదు. బోర్లు ఎండాయని మనం తెలుసుకోవడానికి ట్యాంకర్లు గుర్తు, అంతే. ఒక పని జరగడానికి కారణం వేరు, అది జరిగిందని నమ్మడానికి ఆధారం వేరు. చాలామంది తడబడేది ఇక్కడే.

మూడో వాదన. చీనీ తోటల్లో బోర్లు ఎండిపోతున్నాయి. వానలు తగ్గడమే కారణమని అంటారు. కానీ వానలు బాగా పడ్డ ఏడాది కూడా ఎండాయి. బోర్లు మరీ దగ్గరదగ్గరగా వేయడమే అసలు కారణం.

ఇక్కడది వివరించాల్సిన విషయం. బోర్లు ఎండుతున్నాయని ఎవరూ ఎవరినీ ఒప్పించడం లేదు. అది అందరూ ఒప్పుకున్నదే. తగాదా అంతా కారణం మీద.

నాలుగో వాదన. చీనీ తోటల్లో బోర్లు ఎండిపోతున్నాయి, ఆ మాట నిజమే. అయినా చీనీ వదిలేయాలనడం తొందరపాటు. డ్రిప్పుతో, చెట్ల కింద ఆకుచెత్త పరచడంతో తక్కువ నీటితోనే తోటను నిలుపుకోవచ్చు.

ఇక్కడది ఒప్పుకోలు.

వాక్యాన్ని మాత్రమే ఎంతసేపు చూసినా దాని పాత్ర తెలియదు. పాత్ర పక్క వాక్యాల్లో ఉంటుంది. ఇంట్లో కొడుకు, బడిలో టీచరు, ఊళ్లో మామయ్య, మనిషి ఒక్కడే. ఎవరి పక్కన నిలబడ్డాడో చూస్తేనే ఏమవుతాడో తెలుస్తుంది.

## 5. ఆరు అంచెలు

### అంచె 1: ప్రశ్న ముందు చదవండి

పాత్ర ప్రశ్న అని తెలియగానే అడిగిన వాక్యాన్ని పేరాలో గుర్తించి గీత పెట్టండి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కచ్చితంగా చూడండి. ఒక్కోసారి వాక్యంలో సగమే అడుగుతారు. మిగతా సగం పాత్ర పూర్తిగా వేరు కావచ్చు.

### అంచె 2: తీర్మానం పట్టుకోండి

అడిగిన వాక్యాన్ని కాసేపు పక్కన పెట్టండి. "ఈయన నన్ను ఏం నమ్మమంటున్నాడు?" అని అడగండి. జవాబు ఒక వాక్యంలో చెప్పగలగాలి. "ఈ ఆలోచన సరికాదు" లాంటిది దొరికితే అక్కడ ఆగొద్దు. ఏ ఆలోచన? దాన్ని విప్పి పూర్తి వాక్యంగా రాసుకోండి.

### అంచె 3: మాట ఎవరిదో చూడండి

"కొందరంటారు", "అధికారుల అభిప్రాయం", "సాధారణంగా అనుకునేది" అని ఉంటే ఆ మాట రచయితది కాదు. పక్కన చిన్నగా "వాళ్లు" అని రాయండి. రచయిత సొంత మాటకు "ఈయన" అని రాయండి. ఈ ఒక్క పనితోనే ఐదు ఆప్షన్లలో రెండు పోతాయి.

### అంచె 4: రెండు ప్రశ్నల పరీక్ష

అడిగిన వాక్యాన్ని రెండు ప్రశ్నలు అడగండి.

- ఎందుకు? దీన్ని నమ్మడానికి పేరాలో ఏదైనా కారణం ఇచ్చారా?
- అయితే ఏంటి? దీన్నుంచి పేరాలో ఇంకో మాట తేలుస్తున్నారా?

ఇక లెక్క తేలిక:

- "ఎందుకు"కు జవాబు లేదు, "అయితే ఏంటి"కి ఉంది: ఆధారం.
- రెండింటికీ ఉంది: ఉపతీర్మానం.
- "ఎందుకు"కు ఉంది, "అయితే ఏంటి"కి లేదు: తీర్మానం.
- రెండింటికీ లేదు: నేపథ్యం, ఒప్పుకోలు, పూర్వపక్షం, వివరించాల్సిన విషయం, వీటిలో ఏదో ఒకటి.

జవాబు పేరాలోనే ఉండాలి. మీ బుర్రలోంచి తెచ్చి పెట్టకూడదు.

పూర్వపక్షం దగ్గర ఒక జాగ్రత్త ఉంది. ఎదుటివాళ్లు కూడా తమ మాటకు కారణం చెప్పొచ్చు. అప్పుడు "ఎందుకు"కు జవాబు దొరుకుతుంది. మూడో అంచెలో "వాళ్లు" అని రాసుకున్నారు కాబట్టి మోసపోరు.

### అంచె 5: ఆప్షన్లు మూసి, మీ మాటల్లో చెప్పండి

"ఇది ఎదుటివాళ్ల మాటను కొట్టేయడానికి ఈయన చూపించిన కారణం." ఇంత చాలు. ఆప్షన్లు ముందే చూస్తే ప్రతిదీ సరైనదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే వాటిని రాసినవాళ్లు అలా కనిపించేలాగే రాస్తారు.

### అంచె 6: ఆప్షన్‌ను ముక్కలు చేసి చూడండి

ప్రతి ఆప్షన్‌లో రెండు మూడు వాగ్దానాలుంటాయి. "వాదన తిరస్కరించే అభిప్రాయానికి మద్దతుగా చూపిన ఉదాహరణ" అంటే మూడు: వాదన ఒక అభిప్రాయాన్ని తిరస్కరించాలి, అడిగిన వాక్యం ఆ అభిప్రాయానికి మద్దతివ్వాలి, అది ఉదాహరణ అయి ఉండాలి. ఒక్కటి తప్పినా కొట్టేయండి. ముప్పాతిక సరైన ఆప్షన్ తప్పు ఆప్షనే.

## 6. ఉపతీర్మానం: ఎక్కువ మార్కులు పోయే చోటు

ఈ వాదన చూడండి.

"పత్తి తీసుకుని ఆదోని మార్కెట్‌కు వచ్చే దూరపు రైతులు నడిరాత్రే బయలుదేరతారు. కాబట్టి ఆ రాత్రి వాళ్లకు నిద్ర ఉండదు. నిద్ర లేని మనిషి తూకం దగ్గర లెక్క సరిగా చూసుకోలేడు. అందువల్ల యార్డులో రైతులు కాసేపు పడుకునే వసతి ఉండాలి."

అడిగింది: "ఆ రాత్రి వాళ్లకు నిద్ర ఉండదు."

ముందు "కాబట్టి" ఉంది గనుక ఇదే తీర్మానం అని చాలామంది టిక్కు పెడతారు. పరీక్ష పెట్టండి. ఎందుకు నిద్ర ఉండదు? నడిరాత్రే బయలుదేరతారు. జవాబుంది. అయితే ఏంటి? లెక్క సరిగా చూసుకోలేరు, కాబట్టి వసతి కావాలి. ఆ జవాబూ ఉంది. రెండు వైపులా అంటుకుంది కనుక ఉపతీర్మానం.

"కాబట్టి" చెప్పేది ఒక్కటే, దాని వెనక వచ్చేది ఏదో ఒక మాట నుంచి తేలిందని. అది చివరి మాట అని చెప్పదు.

రెండు "కాబట్టి"లు కనిపించి ఏది ప్రధానమో తేలకపోతే, వాటి చోటు మార్చి చదవండి. "వసతి ఉండాలి, కాబట్టి నిద్ర ఉండదు." అర్థం లేదు కదా. "నిద్ర ఉండదు, కాబట్టి వసతి ఉండాలి." ఇది కుదిరింది. "కాబట్టి" తర్వాత కుదురుగా కూర్చున్నదే ప్రధాన తీర్మానం.

## 7. తెలుగులో ఆలోచించేవాళ్లకు ఎదురయ్యే చిక్కు

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లల దగ్గర ఒక అలవాటు గమనించాను. చివరి వాక్యాన్నే తీర్మానం అనుకుంటారు. అది తెలివి తక్కువై కాదు, భాష నేర్పిన నడక అది.

మనం "వాన రాలేదు కాబట్టి పంట పోయింది" అంటాం. కారణం ముందు, ఫలితం వెనక. ఇంగ్లీషు పేపర్లో "పంట పోయింది" ముందొచ్చి, "బికాజ్" తర్వాత కారణం వస్తుంది. పేరా మొత్తం కూడా తరచూ అలాగే ఉంటుంది. తీర్మానం మొదటి వాక్యంలోనే చెప్పేసి, మిగతా నాలుగు వాక్యాలూ దానికి ఆసరా కడతారు. ఒక్కోసారి తీర్మానం నట్టనడుమ ఉంటుంది, ముందు "కాబట్టి" కూడా ఉండదు.

మందు ఒకటే. వాదనను మనసులో తెలుగులోకి తిప్పుకుని, "ఇది ఇది ఉంది కాబట్టి అది" అనే వరసలో పెట్టుకోండి. మొదట్లో రెండు నిమిషాలు పడుతుంది. పది రోజుల్లో పది సెకన్లకు వస్తుంది.

ఇంగ్లీషు మాటల్లో ఇవి ప్రత్యేకంగా చూసుకోండి:

- సిన్స్: "అప్పటి నుంచి" కావచ్చు, "కనుక" కావచ్చు. పక్కన ఏడాదో తేదీయో ఉందేమో చూడండి.
- ఫర్: వాక్యం మధ్యలో కామా తర్వాత వచ్చి, వెనక పూర్తి వాక్యం ఉంటే "ఎందుకంటే" అని అర్థం. దీన్ని దాటేసేవాళ్లు చాలామంది.
- ఆల్దో, వైల్, గ్రాంటెడ్: వెంటనే వచ్చేది చాలాసార్లు ఒప్పుకోలు. అసలు మాట దాని తర్వాత.
- హౌవెవర్, బట్, యెట్: వీటి ముందున్నది పూర్వపక్షమో నేపథ్యమో కావచ్చు. తీర్మానం ఇవతలి పక్క ఉండే అవకాశం ఎక్కువ.
- ఆఫ్టరాల్: దీని వెనక ఆధారం వస్తుంది, ముందు వాక్యం తీర్మానం. మార్కు పోగొట్టే మాటల్లో ఇది మొదటిది.

ఇవి దారి చూపించే బోర్డులు మాత్రమే. రెండు ప్రశ్నల పరీక్ష పెట్టకుండా వీటిని చూసి జవాబు పెట్టొద్దు.

## 8. ఒక పూర్తి ప్రశ్న, మొదటి నుంచి చివరి దాకా

"కడపలో ట్రాఫిక్ తగ్గాలంటే రోడ్లు వెడల్పు చేయాలని కొందరంటారు. ఈ ఆలోచన పనికిరాదు. రోడ్డు వెడల్పయితే ఇప్పటిదాకా నడిచి వెళ్లినవాళ్లు కూడా బండి తీస్తారు. బండ్లు పెరిగితే కొత్తగా దొరికిన జాగా కొన్నాళ్లకే నిండిపోతుంది."

ప్రశ్న: "రోడ్డు వెడల్పయితే ఇప్పటిదాకా నడిచి వెళ్లినవాళ్లు కూడా బండి తీస్తారు" అన్న ప్రకటన పాత్ర ఏమిటి?

అ) వాదన తిరస్కరిస్తున్న అభిప్రాయం.
ఆ) వాదన ప్రధాన తీర్మానం.
ఇ) ఒక ప్రతిపాదన ఆశించిన ఫలితం ఇవ్వదని చెప్పడానికి చూపిన ఆధారం.
ఈ) తిరస్కరిస్తున్న అభిప్రాయానికి దాని సమర్థకులు ఇచ్చిన ఆధారం.
ఉ) వాదన ఆధారపడిన, పైకి చెప్పని ఊహన.

తీర్మానం: "ఈ ఆలోచన పనికిరాదు." విప్పితే, రోడ్లు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తగ్గదు.

మాట ఎవరిది? "కొందరంటారు" మొదటి వాక్యానికే చెందుతుంది. అడిగింది రచయిత సొంత మాట. అ, ఈ రెండూ ఇక్కడే పోయాయి.

ఎందుకు బండి తీస్తారు? పేరాలో కారణం లేదు. అయితే ఏంటి? బండ్లు పెరిగి జాగా నిండుతుంది, కాబట్టి ఆ ఆలోచన పనికిరాదు. ఇది ఆధారం. ఆ కూడా పోయింది.

ఉ చూడండి. పైకి చెప్పనిది అంటోంది. కానీ ఆ వాక్యం కళ్ల ముందే అచ్చై ఉంది. పేరాలో రాసి ఉన్న వాక్యం పైకి చెప్పని ఊహన కాదు.

జవాబు ఇ. అందులో పేరాలోని మాట ఒక్కటీ లేదు, రోడ్డు లేదు, బండి లేదు. సరైన ఆప్షన్ చాలాసార్లు ఇలాగే నీరసంగా, పొడిపొడిగా ఉంటుంది. "ఒక ప్రతిపాదన" అంటే పేరాలో ఏది, "ఆశించిన ఫలితం" అంటే ఏది అని ఒక్కొక్కదానికీ వేలు పెట్టి చూపించగలిగితే ఆప్షన్ సరైనది. చూపించలేకపోతే కాదు.

## 9. రెండు బోల్డ్ ముక్కలుంటే

"2009 అక్టోబరులో కర్నూలు నగరం వరదలో మునిగింది. **అంతటి వరద మళ్లీ ఇప్పట్లో రాదు గనుక నది ఒడ్డున కట్టడాలకు ఆంక్షలు అక్కర్లేదని కొందరి వాదన.** వరద ఎప్పుడొస్తుందో ఏళ్ల ముందు ఎవరూ చెప్పలేరు. **ఒకసారి కట్టుకున్న ఇంటిని ఖాళీ చేయించడం ఎంతో కష్టం.** ఒడ్డున కొత్త కట్టడాలకు ఇప్పుడే హద్దు గీయాలి."

ఇక్కడ తీర్మానం చివరి వాక్యం, అది బోల్డ్‌లో లేదు. ఈ ఎత్తు వాళ్లు తరచూ వేస్తారు. బోల్డ్‌లో ఉన్నదాంట్లో ఒకటి తీర్మానమై తీరాలని అనుకోవద్దు.

ముందు మీకు సులువుగా తోచిన ముక్క తేల్చండి. ఇక్కడ మొదటిది "కొందరి వాదన", పూర్వపక్షం. ఐదు ఆప్షన్లలోనూ మొదటి సగం మాత్రమే చదివి, పూర్వపక్షం అననివన్నీ కొట్టేయండి. సాధారణంగా రెండు మిగులుతాయి. అప్పుడు రెండో సగం చదవండి. రెండో ముక్క ఆధారం. "రెండోది వాదన ప్రధాన తీర్మానం" అన్న ఆప్షన్ ఉండి తీరుతుంది, దానికి పడొద్దు.

రెండు ముక్కలూ ఒకే పక్షానివా, ఎదురెదురు పక్షాలవా అని మొదట్లోనే తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

## 10. తరచూ చేసే తప్పులు, సవరణలు

మనకు తెలిసిన విషయం వచ్చినప్పుడు వాదనకు దిగడం. బుడ్డల (వేరుశనగ) పంట, కాలువ నీళ్లు, కరువు కనిపిస్తే మన పిల్లలకు ఆవేశం వస్తుంది. ఒకసారి ఉరవకొండ వైపు నుంచి వచ్చే అమ్మాయి "ఇది అబద్ధం సార్, మా నాన్న పండిస్తాడు, నాకు తెలుసు" అంది. ఆమె చెప్పింది నిజమే. కానీ ఆ ప్రశ్నకు దాంతో పని లేదు. సవరణ: కీలకమైన పదం చోట "క" అని పెట్టి చదవండి. "క తగ్గింది. క తగ్గితే గ పెరుగుతుంది." ఆవేశం చల్లారి నిర్మాణం కనిపిస్తుంది.

ఒప్పుకోలును పూర్వపక్షం అనుకోవడం. రెండూ తీర్మానానికి ఎదురుగానే కనిపిస్తాయి. తేడా ఒక్కటే: ఆ మాట రచయిత నమ్ముతున్నాడా? నమ్మితే ఒప్పుకోలు, నమ్మకపోతే పూర్వపక్షం.

ఎదుటివాళ్ల ఆధారాన్ని, ఎదుటివాళ్ల తీర్మానాన్ని కలిపేయడం. రచయిత వాళ్ల తీర్మానాన్ని కొట్టేసి, వాళ్ల ఆధారాన్ని ఒప్పుకోవచ్చు. "మీరు చెప్పింది నిజమే, కానీ దాన్నుంచి మీరనుకున్నది తేలదు" అనడం మంచి వాదనల్లో మామూలే. సవరణ: ఎదుటివాళ్ల మాటను కూడా ఆధారం, తీర్మానం అని రెండుగా విడగొట్టండి.

క్రియలు చూడకపోవడం. "నిరూపిస్తుంది", "మద్దతిస్తుంది", "వివరిస్తుంది", "ఖండిస్తుంది" ఒకటి కాదు. ఒక ఆధారం కాస్త ఆసరా ఇస్తే "నిరూపిస్తుంది" అన్న ఆప్షన్ తప్పవుతుంది. "వాదన మొత్తం దీని మీదే నిలబడింది" అంటే ఇంకో ఆధారం లేదని నిర్ధారించుకోవాలి. సవరణ: ఆప్షన్‌లో క్రియకు గుండ్రం చుట్టండి.

తీసేసి చూడకపోవడం. నేపథ్యమా ఆధారమా అని తేలకపోతే ఆ వాక్యాన్ని వేలితో మూసి వాదన మళ్లీ చదవండి. తీర్మానం అలాగే నిలబడితే నేపథ్యం. ఒక కాలు విరిగినట్టనిపిస్తే ఆధారం. పై వరద వాదనలో 2009 వాక్యం మూసి చూడండి, "అంతటి వరద" అన్న మాట దేన్ని చూపిస్తుందో తెలియదు గానీ తీర్మానానికి ఆధారాలు తగ్గవు. అది నేపథ్యం.

## 11. మూడు వారాల సాధన

మొదటి వారం రోజుకు ఐదు వాదనలు, టైమర్ లేకుండా, నాలుగు గడులూ నింపుతూ. ఆప్షన్లను చేత్తో మూసి, మూడో గడి నిండాకే తీయండి. జవాబు సరైనదైనా మూడో గడిలో రాసింది సరిగా లేకపోతే తప్పు కిందే లెక్క వేసుకోండి.

రెండో వారం దినపత్రిక సంపాదకీయం. రోజుకొకటి తీసుకుని ప్రతి వాక్యం పక్కన దాని పాత్ర రాయండి. తెలుగు పత్రిక ఒక రోజు, ఇంగ్లీషు పత్రిక ఒక రోజు. నాకు అన్నిటికంటే ఫలితం కనిపించింది ఈ పనిలోనే. ఇద్దరు కలిసి చేసి, తేడా వచ్చిన వాక్యాల మీద మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

మూడో వారం టైమర్ పెట్టి, మీ పరీక్ష లెక్కకు పది సెకన్లు తక్కువగా. తప్పయిన ప్రతిదానికీ ఏ అంచెలో జారారో అంకె వేయండి. వారం చివర ఏ అంకె ఎక్కువుందో చూస్తే ఎక్కడ పని చేయాలో తెలుస్తుంది.

## 12. హాల్లో గుర్తు పెట్టుకోవాల్సినవి

- ప్రశ్న ముందు చదివానా? అడిగిన ముక్క హద్దులు చూశానా?
- తీర్మానం ఒక వాక్యంలో చెప్పగలనా?
- మాట ఎవరిది, వాళ్లదా ఈయనదా?
- ఎందుకు? అయితే ఏంటి? రెండూ అడిగానా?
- ఆప్షన్లకు ముందు నా మాటల్లో చెప్పుకున్నానా?
- ఎంచుకున్న ఆప్షన్‌లోని ప్రతి మాటకూ పేరాలో వేలు పెట్టి చూపించగలనా?

## 13. మీకు ఒకటి

"ఊరి గ్రంథాలయం సాయంత్రం ఆరింటికే మూసేస్తారు. పనికి పోయే యువకులు ఆ వేళకు ఇల్లు చేరరు. కాబట్టి కావాలనుకున్నా వాళ్లు గ్రంథాలయానికి రాలేరు. పాఠకులు రావట్లేదు గనుక గ్రంథాలయం ఎత్తేయాలని కొందరంటున్నారు. అది తొందరపాటు. ముందు వేళలు మార్చి చూడాలి."

అడిగింది: "పాఠకులు రావట్లేదు." కిందికి పోయే ముందు మీ మాటల్లో రాసుకోండి.

"అది తొందరపాటు" దగ్గర "అది" అంటే గ్రంథాలయం ఎత్తేయడం. తీర్మానం: ఎత్తేయకుండా ముందు వేళలు మార్చాలి. అడిగిన ముక్క "కొందరంటున్నారు" పరిధిలో ఉంది, కాబట్టి వాళ్ల మాట. అందులో వాళ్ల తీర్మానం "ఎత్తేయాలి", వాళ్ల ఆధారం "పాఠకులు రావట్లేదు". ఇప్పుడు ఇంకో మెట్టు. రచయిత ఈ ఆధారాన్ని కాదన్నాడా? లేదు. యువకులు రాలేరని తనే ముందు చెప్పాడు. అంటే ఇది రచయిత వ్యతిరేకిస్తున్న తీర్మానానికి ఎదుటివాళ్లు చూపిన ఆధారం, రచయిత దాన్ని ఖండించలేదు, దానికి వేరే కారణం చూపించాడు. "వాదన తిరస్కరించే ప్రకటన" అని రాసి ఉంటే, పదో భాగంలో మూడో తప్పు దగ్గరికి వెళ్లి మళ్లీ ఒకసారి చదవండి.